సూరత్‌లో వెండిపోగు, నా కడుపుమంట

సూరత్ వెళ్ళి వచ్చానని తెలియగానే వరంగల్‌లో మా వీధివాళ్ళంతా అడిగింది ఒక్కటే, చీరలేమైనా తెచ్చావా అని. తేలేదు. చీరలు కొనడానికి వెళ్ళినవాణ్ణి కాదు నేను. స్వరూప పని చూసి ఏడవడానికి వెళ్ళాను. పైకి మాత్రం వేరే పని ఉందనే చెప్పాను, నిజానికి ఆ పని కూడా ఉంది.

స్వరూప, నేను హైదరాబాద్‌లో ఒకే గైడు దగ్గర పరిశోధన చేశాం. ఆమె నాకంటే వెనక చేరింది. ద్రవం చుక్కల్లో కొలిచే పిపెట్ ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను, అప్పటి నుంచి నన్ను అన్నా అనే పిలుస్తుంది. వాళ్ళది సిరిసిల్ల వైపు పద్మశాలి కుటుంబం. నాన్న మగ్గాల పనికి సూరత్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఆమె ఆ సూరత్‌లోనే ఒక కాలేజీలో సొంత ల్యాబు నడుపుతోంది. నాకు వరంగల్‌లో ఒక కాలేజీ మూలగదిలో ఒక బల్ల ఉంది.

ఇద్దరం చేసేది ఒకటే పని. డీఎన్ఏ అంటే కణంలో ఉండే పొడవాటి పోగు. దాని ఒళ్ళంతా ఋణావేశం ఉంటుంది. వెండి ద్రావణంలో ఉంచితే, ధనావేశం ఉన్న వెండి అయాన్లు వచ్చి దానికి అంటుకుంటాయి. ఇంకో రసాయనపు మందు పోస్తే అవి వెండి గింజలవుతాయి. గింజలు పెరిగి ఒకదానితో ఒకటి కలిస్తే పోగు పొడవునా వెండి తీగ తయారవుతుంది. అచ్చు డీఎన్ఏది, సరుకు వెండిది. వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో, అంతకన్నా సన్నం. రేపటి చిట్టి యంత్రాల్లో కరెంటు మొయ్యడానికి అలాంటి తీగలు కావాలి. చెప్పడం ఇంత తేలిక. చెయ్యబోతే గింజలు కలవవు, కలిస్తే పోగు మీద కాక పక్కన కలుస్తాయి.

స్వరూపకు మాత్రం పోగు మీదే బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. ఆ ఫోటోను ఒక పత్రికవాళ్ళు అట్ట మీద వేశారు. మా గైడు ఆ అట్టను నాకు వాట్సాప్‌లో పంపి, కింద "చూశావా?" అని రాశారు. చూశాను. ఆ పూట అన్నం సయించలేదు.

నా పనికి ఇచ్చిన గడువు ఈ చలికాలంతో అయిపోతుంది. నా తీగలో కరెంటు పారిందని కాలేజీ కమిటీకి చూపిస్తే పొడిగిస్తారు, లేకపోతే నా బల్ల ఇంకొకరికి ఇస్తారు. కరెంటు కొలిచే యంత్రం మా కాలేజీలో లేదు. మా కాలేజీ సంగతి ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. స్వరూప దగ్గర ఆ యంత్రం ఉంది. "తెచ్చుకో అన్నా, కొలుద్దాం" అంది ఫోన్లో. ఎంత తేలిగ్గా అందో! ఉన్నవాళ్ళకు మాటలన్నీ తేలికే.

బండిలో

నా వెండి తీగలు పరిచిన చిప్పులున్న ప్లాస్టిక్ పెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీట్లో మల్లేశం అనే ఆయన, జగిత్యాల వైపు మనిషి. సూరత్‌లోని అమ్రోలిలో గది తీసుకుని మిల్లులో పని చేస్తాడట. కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండలేక అడిగాడు.

"ఏంది సారు గా డబ్బల? బంగారమా?"

"కాదు. డీఎన్ఏ."

ఆయన కాళ్ళు చటుక్కున పైకి తీసుకున్నాడు. "అమ్మో! పోలీసోల్లు చూస్తరు, గదేనా? ఎవలి తండ్రి ఎవలో చెప్పేది?"

బోగీలో ఆ పక్కా ఈ పక్కా మాటలు ఆగిపోయాయి. పై బెర్తు మీద నుంచి ఒకాయన తల కిందికి వంచి నన్ను చూశాడు. ఇది ఎవరి గుట్టూ చెప్పేది కాదు, దాని మీద వెండి పూసి తీగ చేస్తామని చెప్పాను. మల్లేశం నమ్మినట్టు లేడు. అయినా మర్యాదస్తుడు, తన సంచి విప్పి సకినాలు నా చేతిలో పెట్టాడు.

"తిను సారు. సూరత్‌ల అన్ని దొరుకుతయ్ గని గిసొంటియి దొరకయ్."

భుసావల్‌లో అరటిపళ్ళు కొన్నాం. అక్కడి పళ్ళు మా వైపు పళ్ళకన్నా పొడుగు, ధర తక్కువ. దానికి కూడా నాకు కాస్త కష్టంగానే అనిపించింది. మాటల్లో పనెలా ఉందని మల్లేశాన్ని అడిగాను.

"ఏముంది సారు. పక్కోని మిషన్ ఎప్పుడు మన మిషన్ కన్న మంచిగనే నడుస్తది. దాని మీదికి పోయి చూస్తె తెలుస్తది, అది గూడ గంతే అని."

పొరుగింటి పుల్లకూర రుచి అని మా అమ్మ అనేది. కానీ స్వరూప యంత్రం నిజంగానే నా యంత్రం కన్నా మంచిది, ఎందుకంటే నాకు అసలు యంత్రమే లేదు. ఈ సంగతి మల్లేశానికి చెప్పలేదు.

భేస్తాన్

స్టేషన్‌కు స్వరూపా, వాళ్ళ నాన్న రాజమల్లు కాకా వచ్చారు. కాకా నా సంచి లాక్కున్నాడు, పెట్టె మాత్రం నేనివ్వలేదు. ఊరి దక్షిణపు అంచున భేస్తాన్‌లో వాళ్ళ ఇల్లు. కింద ఒక గది, పైన ఒక గది. వీధి చివర షెడ్డులో మగ్గాలు ఆగకుండా ఆడుతుంటాయి. ఆ చప్పుడులో వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటారు, నేను ప్రతి మాటకూ "ఆఁ?" అనాల్సి వచ్చింది.

తలుపు ఎదురుగా గోడ మీద ఆ పత్రిక అట్టను ఫ్రేము కట్టించి పెట్టారు. నల్లటి నేల మీద తెల్లటి గింజల వరసలు. పైన చిన్న బల్బు కూడా ఉంది. చెప్పులు విప్పుతుండగానే కాకా మొదలుపెట్టాడు.

"చూసినవా కొడుకా? నలబై ఏండ్లు మగ్గం నడిపిన, గింత సన్నం పోగు నేను చూడలే. మా పోరి ఎంటికె కన్న సన్నగ తీస్తది వెండి!"

"చూసిన కాకా. శాన మంచిగున్నది" అన్నాను. ఆ నాలుగు మాటలు గొంతు దాటడానికి పడ్డ కష్టం నాకే తెలుసు. మా నాన్న నన్ను చూసినప్పుడల్లా అడిగేది, ఇంకెన్నాళ్ళు చదువుతావు అని.

చిన్నమ్మ, అంటే స్వరూప వాళ్ళమ్మ, జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పుంటికూరను, అంటే గోంగూరను, ఇక్కడి సంతలో అంబాడి అని అడిగితేనే ఇస్తారట. బయటి కూరల్లో, పప్పులో బెల్లం వేస్తారని కాకా చొక్కా జేబులో ఎప్పుడూ కారప్పొడి పొట్లం పెట్టుకుని తిరుగుతాడు. హోటల్లో ఏది వచ్చినా ముందు దాని మీద చల్లుకుంటాడు. ఇన్నేళ్ళైనా ఆ ఒక్క విషయంలో ఆయన సూరత్‌తో రాజీ పడలేదు.

సూదుల గది

పొద్దున్నే కాలేజీ బయట బండి దగ్గర లోచో తిన్నాం. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, సగం చెదిరిన ఉప్మాలా ఆకులో వేసి, పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ చల్లి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. సగం నోట్లోకి పోయింది, సగం నా చొక్కా మీద పడింది. ఆ పసుపు మచ్చతోనే ల్యాబులో అడుగుపెట్టాను.

ఏం ల్యాబు! నేల మీద మట్టి మరక లేదు. విద్యార్థులు ఆమెను "మేడమ్, మేడమ్" అంటూ వెంటబడుతున్నారు. కిటికీలకు నల్ల తెరలు, ఎందుకంటే వెండి ద్రావణానికి వెలుతురు తగిలితే పాడవుతుంది. మా గదిలో నేను ఆ పనికి పాత దుప్పటి కడతాను. ఆ దుప్పటి సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది.

ముందు మైక్రోస్కోపు కింద ఆమె తీగలు చూపించింది. ముత్యాలు గుచ్చినట్టు ఉన్నాయి. తర్వాత నావి పెట్టాం. రోడ్డు పక్కన కంకర పోసినట్టు ఉన్నాయి. స్వరూప నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికయ్యేది.

"నాయి చూడనీకె మంచిగుంటయ్ అన్నా, గంతె" అంది. "గింజకు గింజకు నడుమ సందు. కరెంటు పోదు."

ఆ సంగతి తన పేపర్లో తనే రాసుకుంది. ఆ పేపర్లో నేను ఎక్కువసార్లు చదివిన వాక్యం అదే.

కరెంటు కొలిచే యంత్రం లోపలి గదిలో ఉంది. చిప్పు మీద రెండు బంగారు అంచులుంటాయి, వాటి నడుమ మా తీగ వంతెనలా ఉంటుంది. అంచుకో సూది ఆనించి కొంచెం వోల్టేజి పెడితే, వంతెన తెగకుండా ఉంటే కరెంటు అవతలికి పారుతుంది, తెరమీద గీత పైకి లేస్తుంది. ఆమె చిప్పు మీద గీత నేలను కరుచుకుని పడుకుంది. నా చిప్పు పెట్టింది. గీత లేచింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేచింది. ఇంకో చిప్పు తీసి పెట్టింది. అది ఇంకాస్త ఎత్తుకు లేచింది.

నేను తెర చూడలేదు, ఆమె ముఖం చూశాను. కింది పెదవి లోపలికి మడుచుకుంది. కళ్ళు ఒక్క క్షణం పక్కకు వెళ్ళి వచ్చాయి. ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టాను, రోజూ నా అద్దంలో ఉండేదే అది. ఎంత హాయిగా ఉందో దాచను. ఎండలో నడిచొచ్చినవాడికి చల్లటి మజ్జిగ ఇచ్చినట్టుంది.

"కంగ్రాట్స్ అన్నా" అంది. సూదులు పైకి లేపుతూ మెల్లగా అడిగింది. "ఉత్తది తెచ్చినవా?"

మా గైడు పెట్టిన ఆచారం అది. ఏ ప్రయోగం చేసినా పక్కన ఒక ఉత్త చిప్పు ఉండాలి. దానికీ అదే ద్రావణం, అదే మందు, అదే కడుగుడు. డీఎన్ఏ ఒక్కటే ఉండదు. ఉత్తదాంట్లో ఏమీ జరగకపోతేనే, అసలుదాంట్లో జరిగింది డీఎన్ఏ వల్ల అని నమ్మాలి. నేను తెచ్చాను. పెట్టె కింది అరలో ఉంది.

"తొందరల మర్చిపోయిన" అన్నాను.

ఆమె ఇంకేం అడగలేదు.

జరీ గల్లీ

మర్నాడు స్వరూపకు క్లాసులున్నాయని కాకా నన్ను పాత ఊరు చూపించడానికి తీసుకెళ్ళాడు. ఇక్కడ చాయ్‌ని కప్పులోంచి సాసరులోకి వంపుకుని తాగుతారు. నేనూ వంపాను, నిన్నటి పసుపు మచ్చ పక్కన ఇంకో మచ్చ చేరింది. కాకా నవ్వి, ఉన్నట్టుండి అన్నాడు.

"స్వరూప పొద్దుగాల చాయ్ గూడ తాగలే కొడుకా. రొట్టె ముట్టలే. ల్యాబుల ఏమన్న అయిందా?"

"ఏం కాలే కాకా" అన్నాను. లోపల ఎవరో డప్పు కొడుతున్నారు. అట్ట మీద ఫోటో వచ్చిన స్వరూప నావల్ల రొట్టె ముట్టలేదు!

జరీ దుకాణం ముందు ఆగాం. ఆ గల్లీలో పట్టుపోగు చుట్టూ సన్నటి వెండి రేకు చుట్టి, దాన్ని బంగారు నీళ్ళలో ముంచి జరీ చేస్తారు. ఇప్పుడు ఎక్కువగా రాగితో, ప్లాస్టిక్‌తో చేసిన నకిలీదే అమ్ముడవుతుందని దుకాణదారు హిందీలో చెప్పాడు. అసలుదేదో ఎలా తెలుస్తుందంటే, ఒక పోగు తీసి అగ్గిపుల్ల వెలిగించాడు. పట్టు కాలిపోయి వెండి మిగిలింది. నకిలీది కాలిస్తే గల్లీ అంతా ప్లాస్టిక్ కంపు కొట్టింది. మా ఊళ్ళోనూ పాత పట్టుచీరలు కొనేవాళ్ళు వచ్చి, జరీ అంచులు కాల్చి వెండి తీసుకుపోయేవారు. ఇక్కడ చుట్టేవాళ్ళున్నారు, అక్కడ కాల్చేవాళ్ళున్నారు.

నాకు ఆ దుకాణదారు మీద కూడా అసూయ పుట్టిందంటే నవ్వకండి. వాళ్ళ తాతముత్తాతల నాటి నుంచి పోగు మీద వెండి చుడుతున్నారు, మూరల కొద్దీ, ఎక్కడా సందు లేకుండా. ఇంటికి ఒక చిన్న జరీ ఉండ కొన్నాను. బేరం చెయ్యబోతే కాకా కాలు తొక్కాడు. ఈ దుకాణంలో మొదటి మాటే ఆఖరి మాటట. మా దగ్గర బేరం ఆడకపోతే దుకాణంవాడికే అనుమానం వస్తుంది.

పోంక్

సాయంత్రం అందరం పోంక్ తినడానికి వెళ్ళాం. పచ్చి జొన్నకంకుల్ని నిప్పుల మీద కాల్చి రాలగొట్టిన గింజలు. చలికాలంలోనే దొరుకుతాయి. ఇక్కడివాళ్ళు దాన్నొక పండగలా తింటారు, నిమ్మరసం సేవ్, మిరియాల సేవ్ కలుపుకుని, చక్కెర గుళికలు నంజుకుని. మా దగ్గర ఊచబియ్యం అంటాం. చేనుగట్టు మీద నిలబడి దోసిట్లో ఊదుకుని తినడమే తెలుసు మనకు. దానికి దుకాణాలు, బోర్డులు, లైట్లు పెట్టొచ్చని తోచలేదు.

కాకా తన పొట్లం తీసి కారప్పొడి చల్లుకుంటున్నాడు. స్వరూప నా పక్కకు జరిగింది.

"కమిటీ ఎప్పుడన్నా?"

"వచ్చే వారం."

"వాళ్ళకు నా నంబర్ ఇయ్యి. నా మిషన్ మీద కరెంటు పోయింది, నేను కండ్లార చూసిన అని చెప్త. వేరే కాలేజోల్లు చెప్తె వింటరు గదా."

నేను అడగకుండానే ఆమె నా బల్ల కాపాడతానంటోంది. అందుకు తన పేరు పెడతానంటోంది. కింది అరలో ఉత్తది దాచి నేను చూపించిన కరెంటు మీద ఆమె పేరు! చక్కెర గుళిక నమిలాను. దాని తీపి నాలుక దాటి పోలేదు.

"ఏంది కొడుకా, కారం తక్కువైందా?" అని కాకా నా ఆకులో కూడా కారప్పొడి చల్లాడు. కళ్ళలో నీళ్ళు రావడానికి మంచి సాకు దొరికింది.

ఉత్తది

బండి మధ్యాహ్నం. పొద్దున్నే ల్యాబుకు పోదామన్నాను. పెట్టె కింది అర తెరిచి ఉత్త చిప్పు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"దొరికింది" అన్నాను.

ఎక్కడ అని ఆమె అడగలేదు. సూదులు ఆనించింది. గీత లేవకూడదని మా ఇంటి వేల్పులందరికీ మొక్కాను. లేచింది. అసలు చిప్పు మీద ఎంత ఎత్తుకు లేచిందో ఇంచుమించు అంతే ఎత్తుకు లేచింది.

తప్పు ఎక్కడో నాకు తెలుసు. గింజల నడుమ సందులు పూడాలని నేను చిప్పుల్ని మందులో మరీ ఎక్కువసేపు ఉంచాను. ముగ్గుగీత మీద పొయ్యాల్సిన పిండి వాకిలంతా చల్లినట్టు, వెండి చిప్పంతా పేరుకుంది. కరెంటు ఆ వెండిలోంచి పారింది. నా డీఎన్ఏ పోగులకు దానితో సంబంధమే లేదు.

స్వరూప తెర ఆర్పేసింది. ఓదార్చలేదు, తప్పుపట్టలేదు. బయట బండి దగ్గరికి తీసుకెళ్ళి రెండు ప్లేట్ల లోచో చెప్పింది. నేను తినలేకపోయాను. ఆమె తన ప్లేటూ నా ప్లేటూ రెండూ తినేసింది.

స్టేషన్‌లో

కాకా నీళ్ళ సీసాకు వెళ్ళినప్పుడు ఆమె అడిగింది.

"అన్నా, మొన్న గూడ పెట్టెలనే ఉండెనా అది?"

"ఉండె. కింది అరల."

"తెల్సు. ఉత్తది లేకుంట నువ్వు పని చెయ్యవ్. నాకు నేర్పిందే నువ్వు."

"తెలిస్తె మళ్ళ ఎందుకు అడగలే?"

ఆమె బండి వచ్చే వైపు చూస్తూ చెప్పింది. "అడుగుదామనే అనుకున్న. నోరు రాలే. నా దాంట్ల కరెంటు పోతలేదు, నీ దాంట్ల పోతున్నది. కడుపుల గిట్ల మండింది అన్నా, అబద్ధమెందుకు. నేను అడిగేది సైన్సు కోసమా, గా మంట కోసమా, నాకే సమజ్ కాలే. గందుకే ఊకున్న."

నామీద కుళ్ళుకునేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారని ఎప్పుడూ అనుకోలేదు. మొన్న ఆమె ముఖం చూసి అంత సంబరపడ్డవాణ్ణి, ఆ మాట ఆమె నోటివెంట వినగానే తల దించుకున్నాను.

"నేను ఉత్తది తియ్యకపోతె కమిటీకి ఏం చెప్తుంటివి?"

"కరెంటు పోయింది, చూసిన అని చెప్తుంటి." బండి వస్తోంది, ఆమె గొంతు పెంచింది. "ఉత్తది చూడలే అని గూడ చెప్తుంటి."

ఆమె మైక్రోస్కోపు మీద, సూదుల యంత్రం మీద, అట్ట మీద ఫోటో మీద, చివరికి కిటికీ తెరల మీద కూడా నేను కుళ్ళుకున్నాను. వాటిలో ఏది దొరికినా నాకు ఆ రెండో మాట, ఉత్తది చూడలేదన్న మాట, అనే ధైర్యం వచ్చేది కాదు. దారంతా ఆమె మీద నా అసూయ అంతా ఆ ఒక్క మాట దగ్గరే తిరిగింది.

కమిటీ ముందు రెండు చిప్పుల గీతలూ పెట్టాను. వాళ్ళు మర్యాదగా విన్నారు, మర్యాదగానే నా బల్ల ఇంకొకరికి ఇచ్చారు. ఆ సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది.

"మందుల నాది మరీ తక్కువ సేపు, నీది మరీ ఎక్కువ సేపు. నడుమ ఎక్కడ్నో ఉంటది అన్నా. కిటికి పక్కన బల్ల ఖాలి చేసిన. రా."

వెళ్తే ఆమె గదిలో, ఆమె ఇచ్చిన కుర్చీలో, ఆమె విద్యార్థులు "మేడమ్, మేడమ్" అంటూ తిరుగుతుంటే కూర్చోవాలి. తలుచుకుంటేనే కడుపు మండుతోంది. టికెట్ మాత్రం తీసుకున్నాను.